మూసీ తీరము – మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు

ఒకప్పటి కర్నూలు మండలమున, గిద్దలూరు ప్రాంతమున, మోక్షగుండమను చిన్న గ్రామము కలదు. 1970లో ప్రకాశం జిల్లా యేర్పడినప్పుడు ఆ ప్రాంతము దానిలో చేరినది. కొన్ని తరములకు పూర్వము ఆ గ్రామమునుండి ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబము బయలుదేరి మైసూరు సంస్థానమునకు పోయి, చిక్కబళ్ళాపురమునకు చేరువనున్న ముద్దేనహళ్లిలో స్థిరపడెను. వారు ఊరు విడిచిరి కాని ఊరి పేరు విడువలేదు. ఇంటి భాషయైన తెలుగును విడువలేదు. ఆ కుటుంబమున శ్రీనివాసశాస్త్రిగారికి, వెంకటలక్ష్మమ్మగారికి జనించినవారే విశ్వేశ్వరయ్యగారు. జన్మదినము సెప్టెంబరు 15. సంవత్సరము 1861 అని పెక్కురును, 1860 అని కొందరును వ్రాయుదురు. శతజయంతి మాత్రము 1960లోనే జరిగినది. ఆయన దానిని కన్నులార చూచిరి.

దేశమంతయు ఆయనను మైసూరు దివానుగను, కృష్ణరాజసాగరపు నిర్మాతగను ఎరుగును. అది యుక్తమే. కాని తెలుగునాటితో ఆయనకు గల అనుబంధము ఇంటిపేరుతో ముగిసినది కాదు. హైదరాబాదు నగరమును రెండుగ చీల్చుచు పారు మూసీనదిని గూర్చి, దాని గట్లను గూర్చి, ఆ గట్లమీద బ్రతుకు జనమును గూర్చి ఆయన పడిన శ్రమ గొప్పది. ఆయన చరిత్రలో ఇచ్చట విపులముగ చెప్పదగిన భాగము అదియే.

తండ్రి సంస్కృత పండితుడు, కలిమి లేనివాడు. విశ్వేశ్వరయ్యగారి బాల్యమునందే ఆయన గతించెను. చిక్కబళ్ళాపురమున ప్రాథమిక విద్య ముగిసిన పిమ్మట బాలుడు బెంగుళూరునందున్న మేనమామ రామయ్యగారి ప్రాపున సెంట్రల్ కళాశాలలో చేరెను. ఒక కొడగు ఉద్యోగి బిడ్డలకు పాఠములు చెప్పి, తన ఖర్చులు తానే గడుపుకొనెను. 1881లో బి.ఏ. పట్టము పొందెను. మైసూరు ప్రభుత్వము వారి విద్యార్థివేతనముతో పూనా ఇంజనీరింగు కళాశాలలో చేరి, 1883లో ప్రథమస్థానమున ఉత్తీర్ణుడయ్యెను. మరుసటి యేడే బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో సహాయ ఇంజనీరుగ ఉద్యోగము లభించెను.

బొంబాయి ఉద్యోగమున ఇరువదినాలుగు సంవత్సరములు గడచినవి. ఆ కాలపు పనులన్నియు చెప్పుటకు ఇది చోటు కాదు. అయినను రెండు పనులు చెప్పక తప్పదు, ఏలయన అవి మూసీ పనికి పూర్వాభ్యాసమువంటివి. మొదటిది సింధుదేశమున సక్కరు పట్టణపు నీటి సరఫరా. సింధునది ప్రక్కనే పారుచున్నను నీరు బురదమయము. వడపోత కట్టడములకు పురపాలక సంఘమువద్ద ధనము లేదు. విశ్వేశ్వరయ్యగారు నదీగర్భముననే బావి త్రవ్వించి, సొరంగముద్వారా ఇసుకలోనుండి ఊరిన తేటనీటిని తీసికొను ఉపాయము పన్నిరి. ఇసుకయే వడపోత గుడ్డయైనది. రెండవది పూనా సమీపమున ఖడక్‌వాస్లా జలాశయమునకు 1903లో అమర్చిన తమంతట తాము తెరచుకొను తలుపులు. నీరు ఒక మట్టమునకు వచ్చువరకు ఆ తలుపులు మూసియుండును; వరద మించగనే తెరచుకొనును; వరద తగ్గగనే మరల మూసికొనును. కావలివాడు నిదురించినను కట్టకు భయము లేదు. ఈ తలుపులకు పేటెంటు లభించినను, ప్రభుత్వోద్యోగిగ చేసిన పనికి ప్రత్యేక ప్రతిఫలము తగదని ఆయన దానివలన వచ్చు సొమ్మును తీసికొనలేదని చెప్పుదురు. 1906లో ఏడెను పట్టణమునకు పోయి, అచ్చటి నీటి సరఫరాకును మురుగు కాలువలకును పథకము సిద్ధపరచిరి. నీరు తెచ్చుట ఎంత ముఖ్యమో, వాడిన నీరు వెడలగొట్టుటయు అంత ముఖ్యమని ఆయనకు అప్పటికే బాగుగ తెలియును. ఆనాటి దొరతనమున దేశీయుడు చీఫ్ ఇంజనీరు పదవికి ఎక్కుట దుర్లభము. 1908లో ఆయన తానుగనే ఉద్యోగము చాలించి, విదేశములు చూచుటకు బయలుదేరిరి.

అదే యేడు సెప్టెంబరు నెలలో హైదరాబాదుపై ఆపద విరుచుకొనిపడెను.

మూసీ అనంతగిరి కొండలలో పుట్టి, తూర్పుగ పారి, వాడపల్లివద్ద కృష్ణలో కలయు నది. పురాణములవారు దీనికి ముచికుందా నామము చెప్పుదురు. నగరమునకు కొంచెము ఎగువన ఈసీ అను మరియొక యేరు దీనితో కూడును. సంవత్సరమున పది నెలలు పిల్లలు మోకాలిలోతున దాటిపోగల చిన్న నది యిది. అందుచేతనే జనులకు దానియెడ భయము లేకపోయెను. నగరము పెరిగినకొలది ఇండ్లు గట్టు దిగి, ఇసుకలోనికి వచ్చెను. పేదవారు పూరిపాకలు వేసికొనిరి. కలవారు కూడ తోటలు, మేడలు కట్టుకొనిరి. కోల్సావాడి, ఘాన్సీబజారు మున్నగు వాడలు నీటి అంచుననే కిక్కిరిసియుండెను. వరదలు వచ్చుచునే యుండెను, పోవుచునే యుండెను. పాతకాలపువారు గుర్తులు చెప్పినను వినువారు తక్కువ.

1908 సెప్టెంబరు 26వ తేదీ మొదలు వాన ఎడతెగక కురిసెను. శంషాబాదువద్ద 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు పడినట్లు లెక్క. అయితే ఆ వాన యొక్కటియే నగరమును ముంచలేదు. మూసీ ఈసీ పరీవాహక ప్రదేశమున, అనగా నగరమునకు ఎగువనున్న 862 చదరపు మైళ్ళలో, 788 చెరువులుండెను. ఇంచుమించు చదరపు మైలునకొక చెరువు. మన పెద్దలు కట్టిన గొలుసుకట్టు చెరువులే అవి. ఎగువ చెరువు అలుగు దిగువ చెరువునకు చేరును. మంచికాలమున అది ఎంతటి వరమో, కట్ట తెగిన రాత్రి అంతటి శాపము. పై చెరువు తెగి క్రింది చెరువుమీద పడును. అది తెగి దాని క్రింది దానిమీద పడును. చెరువు క్రింద సేద్యము చేయు ఊళ్ళవారికి ఇది వివరింప నక్కరలేదు. ఆ రెండు దినములలో 221 చెరువులు తెగినవి. వాటిలో అధికభాగము ఈసీ ప్రక్కవి. వాన నీరు, చెరువుల నీరు ఏకమై సెప్టెంబరు 28 తెల్లవారుజామున నగరముమీదికి వచ్చెను. ఉధృతముగ నున్నప్పుడు సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు పారినట్లు తరువాత అంచనా వేసిరి.

1578లో కుతుబ్‌షాహీలు కట్టించిన పురానాపూల్ నిలిచెను. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు నిలువలేదు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకొనిపోయెను. మృతులు 15,000 అని సాధారణముగ చెప్పుదురు. అంతకంటె మిక్కిలియనువారును కలరు. ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని గౌరవింపబడుచున్నది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను తన కన్నుల యెదుట కోల్పోయి, తానొక్కడే మిగిలెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ప్రజలకొరకు గంజికేంద్రములు తెరపించి, రాజభవనములలో నిరాశ్రయులకు చోటిచ్చెను. నది శాంతించుటకై ఆయన స్వయముగ గట్టునకు వచ్చి పసుపుకుంకుమలు, చీర సమర్పించెనని జనులు చెప్పుకొందురు. అందెంత నిజమో గాని, అట్టి కథ ఒక ముసల్మాను ప్రభువునుగూర్చి పుట్టినదన్నచో ఆయనయందు ప్రజలకు గల విశ్వాసము తెలియుచున్నది.

విశ్వేశ్వరయ్యగారు అప్పుడు ఇటలీలో నుండిరి. నిజాము ప్రభుత్వమునుండి తంతి అందెను. విదేశ పర్యటన సగములో నున్నది; దానిని ముగించి వత్తునని వారు తెలిపిరి. ప్రభుత్వము సమ్మతించెను. 1909 ఏప్రిలు 15వ తేదీన హైదరాబాదున ప్రత్యేక సలహా ఇంజనీరుగ పని మొదలుపెట్టిరి. ఆయనకు అప్పగించిన పనులు మూడు: కూలిన నగరమును తిరిగి కట్టుటకు సలహా యిచ్చుట, మరల ఇట్టి వరద రాకుండ ఉపాయము చెప్పుట, నగరమునకును చాదర్‌ఘాటునకును సంపూర్ణమైన మురుగుపారుదల పథకము సిద్ధపరచుట. మూడును వేర్వేరు పనులుగ కాగితముపై కనబడును. ఆయన వానిని ఒకే పనిగ చూచిరి. ఆయన గొప్పతనమంతయు ఇచ్చటనే యున్నది.

ఊహలతో పని మొదలుపెట్టు స్వభావము ఆయనది కాదు. ముందుగ లెక్క. వాన ఎచ్చట ఎంత పడినది, ఏ చెరువు ఎప్పుడు తెగినది, నీరు ఏ గోడమీద ఎంత ఎత్తు గుర్తు విడిచినది, నది అడుగు ఎచ్చట ఎంత వాలుగ నున్నది, ఇవన్నియు కొలిపించిరి. సంస్థానమున వాన లెక్కలు చాలినన్ని లేవు. కావున బొంబాయి, మద్రాసు రాష్ట్రములలో కురిసిన పెనువానల లెక్కలు తెప్పించి పోల్చిరి. దైవికముగ ఒకసారి వచ్చినది మరల రాదులే అని ఊరడిల్లువారు అప్పుడు ఎందరో యుండిరి. ఆ లెక్కలు వేరు మాట చెప్పినవి: ఇట్టి వాన మరల కురియవచ్చును, ఇంతకంటె మిక్కిలియు కురియవచ్చును.

సులభముగ తోచు ఉపాయము గోడ. రెండు గట్లవెంబడి ఎత్తైన గోడలు కట్టి, నదిని కాలువవలె చేసిన చాలునని ఎవరికైనను తోచును. కాని 1908 నాటి నీటిని పట్టవలెనన్న ఆ గోడలు ఎంత ఎత్తు, నది ఎంత వెడల్పు కావలెను? సగము నగరమును పడగొట్టవలసి వచ్చును. పైగా గోడ ఒక్కచోట తెగినను, లోపల చిక్కినవారి గతి మునుపటికంటె హీనము. కావున వరదను నగరమున ఎదిరింపరాదు, నగరమునకు రాకమునుపే ఆపవలెనని ఆయన నిర్ణయించిరి. మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి, నగరమునకు కొన్ని మైళ్ళ ఎగువన రెండు పెద్ద జలాశయములు కట్టవలెను; పెనువరద వచ్చినప్పుడు అవి దానిని పొట్టలో పెట్టుకొని, నగరములోని నది భరింపగలిగినంత మాత్రమే మెల్లగ విడువవలెను. తెగిన 221 చెరువుల పని ఇకమీదట రెండు గట్టి కట్టలు చేయును. 1909 అక్టోబరు 1వ తేదీన ఈ నివేదికను సమర్పించిరి. ఆరు నెలలు నిండకమునుపే ఇంతటి పని ముగిసినది.

నివేదికలో జనులు అంతగ స్మరింపని భాగమొకటి కలదు. అది నగరము నడుమనున్న నదీతీరమును గూర్చినది. జలాశయములు కట్టినంత మాత్రమున తీరము బాగుపడదు. గట్లను ఎత్తుచేసి, నదిని క్రమపరచి, గట్టుమీద బాటలు, నడకదారులు, ఉద్యానవనములు ఏర్పరుపవలెనని ఆయన సూచించిరి. ఇది అలంకారముకొరకు చెప్పినది కాదు. ఖాళీగ విడిచిన గట్టును మరల ఆక్రమింపకుండ కాపాడుటకు పోలీసువాని కంటె తోట మేలు. ఇండ్లున్న చోట నీరు వచ్చినచో ప్రాణములు పోవును. తోట యున్న చోట నీరు వచ్చినచో పూలమొక్కలు పోవును, మరుసటి యేడు మరల నాటవచ్చును. గాలియాడని ఇరుకు వాడలలో నుండు పేదలకు సాయంకాలము కూర్చుండుటకు చోటు దొరకును. నది జనుల దృష్టిలో నుండును. దృష్టిలో నున్న దానిని చెత్తకుప్పగ చేయుటకు మనసు వెనుదీయును. ఐరోపా నగరములలో నదీతీరములను ఆయన అంతకు కొద్ది నెలల ముందే చూచి వచ్చిరి. అచ్చట నగరము నదికి ముఖము త్రిప్పియుండును; ఇచ్చట నగరము నదికి వీపు త్రిప్పి, పెరడుగ వాడుకొనుచుండెను.

మూడవది మురుగు. నగరపు మురుగు మూసీలో కలిసినంతకాలము ఎన్ని తోటలు వేసినను తీరము తీరము కాదని ఆయనకు తెలియును. భూగర్భమున గొట్టములు వేసి, మురుగును నదికి తాకనీయక నగరము వెలుపలకు కొనిపోవలెననియే ఆయన పథకము. దానికి కావలసిన కొలతలు, పటములు తయారుచేయుట ఆరంభించిరి. అంతలో మైసూరు మహారాజు పిలుపు వచ్చినది. 1909 నవంబరులో ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరుగ వెడలిపోయిరి. మురుగు పథకము ఆ సమయమున ఆయన చేతిమీదుగ పూర్తికాకపోవుట హైదరాబాదు దురదృష్టము.

మైసూరు చరిత్ర అందరెరిగినదే. 1911లో కృష్ణరాజసాగర నిర్మాణము మొదలయ్యెను. 1912లో దివాను పదవి చేపట్టి, 1918 వరకు నడపిరి. ఆ పదవి స్వీకరించుటకు ముందు బంధువులను పిలిచి, తన అధికారమును ఆధారము చేసికొని ఎవ్వరును ఏ ఉపకారమును కోరరాదని మాట తీసికొనిరట. మైసూరు బ్యాంకు 1913లోను, కన్నడ సాహిత్య పరిషత్తు 1915లోను, మైసూరు విశ్వవిద్యాలయము 1916లోను ఆయన పాలనలోనే వెలసెను. భద్రావతి ఇనుప కర్మాగారమును లాభము చూపునట్లు చేసినవారును ఆయనయే.

ఇచ్చట హైదరాబాదున ఆయన నివేదిక అటకమీద పడియుండలేదు. ఆ విషయమున నిజాము ప్రభుత్వమును మెచ్చుకొనవలెను. 1911లో మహబూబ్ అలీఖాను గతించి, ఉస్మాన్ అలీఖాను సింహాసనమెక్కెను. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. 1913లో గండిపేటవద్ద మూసీపై కట్టకు పునాది వేసిరి. 1920లో అది పూర్తియై ఉస్మాన్‌సాగరమను పేరొందెను. ఈసీపై కట్ట 1927 నాటికి ముగిసి హిమాయత్‌సాగరమయ్యెను. మొదటిది సుమారు 390 కోట్ల ఘనపుటడుగుల నీరు పట్టును. రెండవది సుమారు 297 కోట్లు. వరదను ఆపుటకు కట్టిన ఈ సాగరములే నగరమునకు త్రాగునీరు నిచ్చెను. 1965లో మంజీర నీరు వచ్చువరకు హైదరాబాదు దాహము తీర్చినవి ముఖ్యముగ ఇవియే. ఒక నదిని చూచి భయపడిన నగరము దాని నీటినే కుండలలో పట్టుకొని త్రాగెను.

తీరమున కూడ మార్పు కనబడెను. గట్లకు రాతిగోడలు కట్టిరి. వరదలో కూలిన వాడల స్థలమున తోటలు వేసిరి. గట్టుమీద ఒకదాని ప్రక్క నొకటి ప్రజల భవనములు లేచెను. దక్షిణపు గట్టున హైకోర్టు, సిటీ కళాశాల. ఉత్తరపు గట్టున, కొట్టుకొనిపోయిన ఆసుపత్రికి బదులుగ, ఉస్మానియా ఆసుపత్రి. విన్సెంట్ ఎష్ అను శిల్పి వీనికి రూపము కల్పించెను. గ్రంథాలయాభిమానులు తప్పక తెలిసికొనవలసినది మరియొకటి కలదు. 1891లో స్థాపింపబడిన ఆసఫియా గ్రంథాలయమునకు 1936లో కట్టిన భవ్యభవనమును గూడ అఫ్జల్‌గంజ్‌లో మూసీ గట్టుననే నిలిపిరి. 1955లో అది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమయ్యెను. ఒకప్పుడు శవములు తేలిన తీరమున న్యాయస్థానము, విద్యాలయము, వైద్యశాల, గ్రంథాలయము నిలిచినవి. ఇవి యేవియు ఒక ప్రభువు విలాసమునకు కట్టినవి కావు. సామాన్యుడు కాలినడకన లోనికి పోదగినవి.

ఈ మార్పు ఎవ్వరికిని నొప్పి కలిగింపక జరిగినదని చెప్పరాదు. నగరాభివృద్ధి మండలి ఇరుకు వాడలను పడగొట్టినప్పుడు, పుట్టిన చోటు విడువవలసి వచ్చినవారు ఎందరో కలరు. మండలి వారికై క్రొత్త ఇండ్ల వరుసలు కట్టించెను. పత్తర్‌గట్టీ రాతి అంగళ్ళు, 1935లో మొజంజాహీ మార్కెటు ఆ మండలి చేతిపనులే. కాని ఏటి గట్టున బట్టలుతికి బ్రతుకువానికి, గడ్డి కోసికొని బ్రతుకువానికి ఎంత చక్కని యిల్లు దూరమున నిచ్చినను, పొట్టకూడు ఎట్లను ప్రశ్న మిగులును. ఆ ప్రశ్నకు ఆ కాలపు మండలియు పూర్తిగ సమాధానము చెప్పలేదు.

విశ్వేశ్వరయ్యగారిని హైదరాబాదు మరువలేదు. 1920ల తొలి భాగమున మురుగు పథకమునకై మరల పిలిచిరి. 1930లో నగరపు బాటలు, ఇండ్లు, తీరము మున్నగువాని బాగునకై సలహాలు కోరిరి. ఆయన అరువదేండ్లు దాటిన వయసున తన పాత పటములు మరల విప్పి, ఇరువది యేండ్లలో నగరము ఎంత పెరిగినదో తిరిగి కొలిపించిరి. భూగర్భపు మురుగు కాలువలు 1931 నాటికి ఏర్పడినవి. సుమారు 4,68,000 మంది జనమునకు సరిపోవునట్లు వానిని నిర్మించిరి. ఆ దినములలో అది చాల ముందుచూపు. 2011 జనగణన నాటికి మహానగర పాలక సంస్థ పరిధిలోని జనము 67 లక్షలు దాటెను.

ఆయన అలవాట్లు గూర్చి అనేక కథలు ప్రచారమున కలవు. కొన్ని నిజములు, కొన్ని భక్తులు చేర్చినవి. నిస్సందేహముగ చెప్పదగినవి కొన్ని మాత్రము కలవు. తలపాగా, కోటు లేక ఆయన ఎవ్వరికిని కనబడలేదు. కాలనియమము తప్పలేదు. ఏ సభకు పోయినను చెప్పదలచినది వ్రాసికొనకుండ పోలేదు. 1920లో భారతదేశ పునర్నిర్మాణమును గూర్చియు, 1934లో ప్రణాళికాబద్ధమైన ఆర్థికవ్యవస్థను గూర్చియు గ్రంథములు రచించిరి. 1951లో తన ఉద్యోగ జీవిత స్మృతులను ప్రకటించిరి. అందు హైదరాబాదు వరద పనికి ప్రత్యేక స్థానమిచ్చిరి. తొంబదేండ్లు దాటిన తరువాత బీహారున గంగపై మొకామావద్ద వంతెన ఎచ్చట కట్టవలెనో చూచుటకు స్వయముగ పోయిరి. 1955లో భారతరత్న బిరుదము లభించెను. 1962 ఏప్రిలు 14న బెంగుళూరునందు నూరేండ్లు నిండిన పిమ్మట కన్నుమూసిరి. అంత్యక్రియలు ముద్దేనహళ్లిలో జరిగెను. ఆయన పుట్టినదినమును దేశమున ఇంజనీర్ల దినముగ జరుపుకొనుచున్నారు.

మూసీ సంగతి చెప్పకుండ ఆయన చరిత్ర ముగింపరాదు. ఆయన వేసిన పథకమునకు మూడు కాళ్ళు: ఎగువన జలాశయములు, నడుమ తీరము, నేలక్రింద మురుగు కాలువ. మొదటి కాలు గట్టిగ నిలిచెను. 1908 నాటి వినాశనము మరల రాలేదు. రెండవది కొన్నాళ్ళు నిలిచెను. మూడవది నగరముతో సమానముగ ఎదుగలేదు. మొదటి కాలు గట్టిదగుటవలననే ఒక చిక్కును పుట్టినది. సాగరములు నీటినంతయు పట్టుకొనగ, నగరములోని నదికి వానకాలమున తప్ప పారుటకు తనదైన నీరు లేకపోయెను. ఆ ఖాళీలోనికి ఇండ్ల మురుగు, కర్మాగారముల మురుగు దిగెను. భయము పోయిన గట్టుమీదికి జనులు మరల దిగిరి. తోటలు చిక్కిపోయెను. నదీగర్భముననే, రెండు పాయల నడుమ, నగరపు పెద్ద బస్సు స్టేషను 1990లలో లేచెను. దిగువన నల్లగొండ మండలమున రైతులు ఆ నీటితోనే పైరు పెట్టుచుండిరి. నురుగు కక్కు ఆ నీరు వారి బావులను గూడ చెరచెను. నగరపు తీరము పాడైనచో నగరమునకే నష్టమని తలంచువారు ఈ సంగతి గమనింపవలెను.

ఎగువ సాగరములకు నీరు చేరు భూములలో కట్టడములను అరికట్టుచు 1996లో ప్రభుత్వము 111వ నంబరు ఉత్తరువును చేసెను. 2022లో ఆ ఆంక్షలను తొలగించుచు మరియొక ఉత్తరువు వెలువడెను. తీరమును బాగుచేయుటకు 2017లో తెలంగాణ ప్రభుత్వము ప్రత్యేకముగ మూసీ రివర్‌ఫ్రంటు అభివృద్ధి సంస్థను నెలకొల్పెను. 2024లో నదీగర్భములోని ఇండ్లను గుర్తించి, కొన్ని కుటుంబములను రెండు పడకగదుల ఇండ్లకు తరలించిరి. పోయినవారు కొందరు, పోము, మా బ్రతుకు ఇచ్చటనే అన్నవారు ఎందరో. నూరేండ్ల క్రిందటి ప్రశ్న మరల ఎదురుపడెను. 2025 సెప్టెంబరు చివరి వారమున, పాత వరద తేదీకి ఒకటి రెండు దినముల ముందు, పెద్దవాన కురిసి రెండు సాగరముల తలుపులు ఎత్తవలసి వచ్చెను. నది బస్సు స్టేషనులోనికి వచ్చెను. రాత్రివేళ బస్సులకై వేచియున్న ప్రయాణికులను త్రాళ్ళు పట్టుకొని బయటికి తెచ్చిరి.

హైదరాబాదునందు ఖైరతాబాదు కూడలిలో, ఇంజనీర్ల సంస్థ భవనము చెంత, విశ్వేశ్వరయ్యగారి విగ్రహము కలదు. తలపాగా, కోటు, తిన్నగ నిలిచిన మేను. ఏటేటా సెప్టెంబరు 15న దానికి పూలమాలలు వేయుదురు. అచ్చటినుండి మూసీ కనబడదు.